తెలిసింది కాన్పు గదికి చేరేదాకా: ప్రసూతి వైద్యుల నిరంతర విద్య వెనుక చరిత్ర

ప్రసూతి, స్త్రీరోగ వైద్యంలో పట్టా అందుకున్న డాక్టరు ఆ తరువాత ముప్పై నలభై ఏళ్ల పాటు ప్రాక్టీసులో ఉంటారు. చదువుకునే రోజుల్లో నేర్చుకున్న మందులు, పద్ధతుల్లో చాలా భాగం ఈలోగా మారిపోతుంది. కొన్ని హానికరమని తేలడంతో పూర్తిగా వదిలేయవలసి వస్తుంది. అందుకే అనేక దేశాల్లో డాక్టర్లు తమ రిజిస్ట్రేషన్‌ను నిలుపుకోవాలంటే నిరంతర వైద్య విద్య కింద నిర్ణీత క్రెడిట్ గంటలు పూర్తి చేయాలి. ఈ ఏర్పాటు ఎందుకు వచ్చింది, దాని వల్ల ఒనగూరిందేమిటి అని వెతికితే జవాబు చాలావరకు కాన్పు గదుల చరిత్రలోనే దొరుకుతుంది. కొత్త సంగతి బయటపడటానికీ అది ఆచరణలోకి రావడానికీ మధ్య ఎంత కాలం గడుస్తుందో, ఆ జాప్యానికి ఎవరు మూల్యం చెల్లిస్తారో ఈ శాఖలో కనిపించినంత స్పష్టంగా మరెక్కడా కనిపించదని నా అభిప్రాయం.

బాలింత జ్వరం ఒకరి నుంచి మరొకరికి వైద్యుల, మంత్రసానుల ద్వారానే పాకుతోందని స్కాట్లాండ్‌లోని అబర్డీన్‌లో అలెగ్జాండర్ గోర్డన్ 1795లోనే రాశారు. బోస్టన్‌లో ఆలివర్ వెండెల్ హోమ్స్ 1843లో అదే వాదించారు. వియన్నా జనరల్ ఆసుపత్రిలో ఇగ్నాజ్ సెమ్మెల్వైస్ 1847లో లెక్కలతో సహా నిరూపించారు. శవపరీక్ష గది నుంచి నేరుగా వచ్చి పరీక్షించే వైద్య విద్యార్థులున్న వార్డులో 1846లో నూటికి 11 మందికి పైగా తల్లులు చనిపోగా, మంత్రసానులు చూసే వార్డులో మరణాలు నూటికి ముగ్గురికి మించలేదు. 1847 మే నెలలో క్లోరిన్ కలిపిన సున్నపు నీటితో చేతులు కడగాలని నియమం పెట్టాక, మొదటి వార్డులో ఏప్రిల్‌లో 18 శాతంగా ఉన్న మరణాలు జూన్ నాటికి 2 శాతం దరిదాపులకు దిగాయి. అయినా ఆ పద్ధతిని ఐరోపా అందిపుచ్చుకోలేదు. ఆయన తన పుస్తకాన్ని 1861 దాకా ప్రచురించలేదు. వ్యాధిని తమ చేతులే మోసుకొస్తున్నాయన్న మాట సాటి వైద్యులకు మింగుడుపడలేదు. పట్టభద్రులైన వైద్యులకు కొత్త విషయం నేర్పి, వారు దాన్ని పాటిస్తున్నారో లేదో చూసే వ్యవస్థ అనేదే ఆనాడు లేదు.

ఆ తరువాతి వందేళ్లలో పత్రికలు, వృత్తి సంఘాలు, వార్షిక సదస్సులు పెరిగాయి. దాంతో సమస్య తీరిపోయిందనుకుంటే డైఇథైల్‌స్టిల్బెస్ట్రాల్ ఉదంతం ఆ భ్రమను తొలగిస్తుంది. గర్భస్రావాన్ని ఆపుతుందని గర్భిణులకు ఇచ్చిన ఈ మందు వల్ల ప్రయోజనమేమీ లేదని 1953లో షికాగోలో జరిగిన అధ్యయనం తేల్చింది. అయినా మరో పద్దెనిమిదేళ్లు దాన్ని రాస్తూనే వచ్చారు. గర్భంలో ఉండగా దాని ప్రభావానికి గురైన ఆడపిల్లలకు యుక్తవయసులో అరుదైన యోని క్యాన్సర్ వస్తోందని 1971లో బయటపడ్డాకే గర్భిణులకు ఇవ్వవద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది.

నిరంతర విద్యను గంటల్లో కొలిచే పద్ధతి స్థిరపడింది సరిగ్గా ఆ కాలంలోనే. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ 1968లో ఇందుకోసం ఒక గుర్తింపు పురస్కారాన్ని ప్రారంభించింది. లైసెన్సు కొనసాగాలంటే ఈ చదువు తప్పనిసరని 1971లో న్యూ మెక్సికో రాష్ట్రం చట్టం చేసింది, మిగతా రాష్ట్రాల్లో చాలావరకు ఒక్కొక్కటిగా అదే బాట పట్టాయి. డాక్టరు సదస్సుకు హాజరైతే కొత్త విషయం తెలుస్తుందని, తెలిస్తే ఆచరిస్తారని దీని వెనుక ఉన్న నమ్మకం.

ఆ నమ్మకానికి పరీక్ష న్యూజిలాండ్ నుంచి ఎదురైంది. కాన్పు నొప్పులు ఎలా మొదలవుతాయో తెలుసుకోవడానికి ఆక్లండ్‌లో గ్రాహం లిగిన్స్ గొర్రె పిండాలకు స్టెరాయిడ్లు ఇచ్చి చూస్తున్నారు. ఊపిరితిత్తులు విచ్చుకునే అవకాశమే లేనంత ముందుగా పుట్టిన ఒక గొర్రెపిల్ల ఊపిరి తీస్తూ కనిపించింది. ఆ ఒక్క గమనికను పట్టుకుని ఆయన, శిశువైద్యుడు రాస్ హోవీ కలిసి నెలలు నిండకుండా కాన్పు అయ్యేలా ఉన్న 282 మంది తల్లులపై స్టెరాయిడ్‌తో అధ్యయనం చేసి 1972లో ప్రచురించారు. మందు ఇవ్వని తల్లుల బిడ్డల్లో తొలి వారం మరణాలు 15 శాతం కాగా, ఇచ్చినవారిలో 3.2 శాతం. అంత చవకైన, తేలికైన చికిత్స ఇంత ఫలితమిస్తే మరునాటి నుంచే ప్రతి ఆసుపత్రీ మొదలుపెట్టాలి. జరిగింది అది కాదు. తరువాత వచ్చిన అధ్యయనాలు విడివిడిగా చిన్నవి, చాలామంది వైద్యులకు వాటి మొత్తం సారాంశం అందలేదు. అన్నిటినీ కలిపి చూసిన సమీక్ష 1990లో, దాన్ని సమర్థిస్తూ అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల ఏకాభిప్రాయ ప్రకటన 1994లో వచ్చాయి. ఆ ఇరవై రెండేళ్లలో ఊపిరాడక పోయిన బిడ్డల్లో ఎందరో బతికి ఉండేవారు.

1979లో బ్రిటిష్ వైద్యుడు ఆర్చీ కాక్రన్ వైద్యశాఖలన్నిటిలో ఆధారాలను అతి తక్కువగా పట్టించుకునేది ప్రసూతి శాఖేనంటూ దానికి చెక్క గరిటె (చిట్టచివర నిలిచినవారికి వెటకారంగా ఇచ్చే) బహుమతి ప్రకటించారు. ఆ విమర్శను ఈ శాఖవారు మనసుకు తీసుకోవడం నేను మెచ్చుకునే విషయం. ఇయాన్ చామర్స్ బృందం గర్భం, కాన్పులకు సంబంధించిన అధ్యయనాలన్నిటినీ ఒకచోట చేర్చి 1989లో బృహత్ సంకలనంగా తెచ్చింది. వైద్య అధ్యయనాలను కలిపి సమీక్షించేందుకు 1993లో ఏర్పడిన కాక్రన్ సంస్థకు అదే పునాది. ఆ సంస్థ చిహ్నంలో కనిపించే గీతలు ఈ స్టెరాయిడ్ అధ్యయనాల ఫలితాలే.

సమాచారం చేతికందింది, మరి ఆచరణ? కెనడాలో సిజేరియన్లు తగ్గించాలని జాతీయ మార్గదర్శకాలు వెలువడిన తరువాత జొనాథన్ లోమస్ బృందం ఆంటారియోలో ఆరా తీసి 1989లో ఫలితాలు ప్రకటించింది. వైద్యుల్లో అత్యధికులకు మార్గదర్శకాల సంగతి తెలుసు. మూడోవంతు మంది తమ పద్ధతి మార్చుకున్నామనీ చెప్పారు. ఆసుపత్రి రికార్డుల్లో మాత్రం మార్పు నామమాత్రమే. అదే బృందం 1991లో ప్రచురించిన మరో అధ్యయనంలో, ముందొక సిజేరియన్ అయిన గర్భిణికి ఈసారి సహజ కాన్పుకు అవకాశమివ్వడం అన్న అంశాన్ని తీసుకున్నారు. కొన్ని చోట్ల రికార్డులు తనిఖీ చేసి వైద్యులకు చూపించారు, కొన్ని చోట్ల తోటివారు గౌరవించే స్థానిక సీనియరుకు ఆ బాధ్యత అప్పగించారు. సీనియరు నచ్చజెప్పిన చోటే సహజ కాన్పులు పెరిగాయి. ఉపన్యాసం విన్నంత మాత్రాన వైద్యుల పనితీరు మారదని, చర్చ, చేతి అభ్యాసం ఉన్న శిక్షణకే ఆ శక్తి ఉందని డేవ్ డేవిస్ బృందం 1999లో చేసిన సమీక్ష కూడా తేల్చింది.

దీన్ని మనసా వాచా నమ్మి అమలు చేసినవారు ఇంగ్లండ్‌లో బ్రిస్టల్‌లోని సౌత్‌మీడ్ ఆసుపత్రి సిబ్బంది. కాన్పులో బిడ్డ తల బయటికి వచ్చాక భుజం తల్లి కటి ఎముక వెనుక చిక్కుకుపోవడం అరుదైన ప్రమాదం. చేతిలో ఉండేది కొద్ది నిమిషాలే. కంగారులో తలను పట్టి లాగితే మెడ నరాలు దెబ్బతిని బిడ్డ చేయి చచ్చుబడవచ్చు. చేయవలసింది తల్లి తొడలను ఆమె పొట్ట మీదికి బాగా వంచడం, పొత్తికడుపు కింద నొక్కడం, అప్పటికీ రాకపోతే లోపలున్న బిడ్డ చేతిని బయటికి తీయడం. ఇది ఏ పాఠ్యపుస్తకంలోనైనా ఉంటుంది. కానీ అరుదుగా ఎదురయ్యేదాన్ని పుస్తకం చదివి చేయలేరు. సౌత్‌మీడ్‌లో డాక్టర్లు, మిడ్‌వైఫ్‌లు, మత్తు వైద్యులు అందరినీ కలిపి, వారు పనిచేసే ఆసుపత్రిలోనే బొమ్మ మీద ఏటా సాధన చేయించారు. భుజం చిక్కుకున్న కాన్పుల్లో బిడ్డకు గాయమయ్యే రేటు 9.3 శాతం నుంచి 2.3 శాతానికి తగ్గిందని 2008లో వెల్లడించారు. అదే ఏడాది వెలువడిన అర్జెంటీనా, ఉరుగ్వే ఆసుపత్రుల అధ్యయనంలో తోటివారు గౌరవించే స్థానిక సీనియర్ల సాయంతో వర్క్‌షాపులు నిర్వహించగా, కాన్పు తరువాత రక్తస్రావం రాకుండా ఆక్సిటోసిన్ ఇవ్వడం 2.1 శాతం నుంచి 83.6 శాతానికి పెరిగింది, అవసరం లేని ఎపిసియోటమీలు (కాన్పు ద్వారం వద్ద పెట్టే కోతలు) తగ్గాయి.

త్వరగా మారడం ఎల్లప్పుడూ మేలే అనుకోవడానికి కూడా లేదు. ఎదురుకాళ్ల బిడ్డకు ముందే నిర్ణయించిన సిజేరియన్ సురక్షితమని 2000లో ఒక పెద్ద అంతర్జాతీయ అధ్యయనం చెప్పగానే చాలా దేశాల్లో అటువంటి సహజ కాన్పులు దాదాపు ఆగిపోయాయి. రెండేళ్ల వయసు వచ్చేసరికి ఆ రెండు గుంపుల పిల్లల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదని 2004లో తెలిసింది. అప్పటికే కొత్తగా శిక్షణ పొందుతున్నవారు ఆ కాన్పులను చూసే అవకాశం కోల్పోయారు. సిజేరియన్‌కు వ్యవధి లేకుండా కాళ్లు ముందొచ్చే కాన్పు నేటికీ ఎదురవుతుంది, అప్పుడు ఆ నేర్పు ఉన్న చేతులు కావాలి.

కాన్పు తరువాతి రక్తస్రావంపై 2023లో ప్రచురితమైన ఈ-మోటివ్ అధ్యయనం కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాల్లోని 80 ఆసుపత్రుల్లో జరిగింది. పోయిన రక్తాన్ని కంటిచూపుతో అంచనా వేయడానికి బదులు గీతలున్న సంచిలో పట్టి కొలవడం, హద్దు దాటగానే గర్భాశయ మర్దన, ఆక్సిటోసిన్, రక్తస్రావాన్ని ఆపే ట్రానెక్సామిక్ ఆమ్లం, సెలైన్, కారణం వెతికే పరీక్ష ఒకదాని తరువాత ఒకటి కాక ఒక్కసారిగా మొదలుపెట్టడం నేర్పారు. తీవ్ర రక్తస్రావం, దానివల్ల ఆపరేషన్ లేదా మరణం కలిపి చూస్తే 60 శాతం తగ్గాయి. వాడినవాటిలో కొత్త మందు ఒక్కటీ లేదు. ఇటువంటి శిక్షణ వార్డులో, డ్యూటీ మధ్యలో, బృందం మొత్తానికి జరుగుతుంది. క్రెడిట్ మాత్రం ఎక్కువ చోట్ల ఇప్పటికీ ఒక్కొక్క డాక్టరు పేరున, కూర్చున్న గంటల లెక్కన నమోదవుతోంది.