ఆఫీసు మైక్రోవేవ్: భయపడాల్సింది రేడియేషన్‌కు కాదు

మైక్రోవేవ్ ఓవెన్లు బాగుచేయడం నా పని. ఏ ఆఫీసుకు వెళ్లినా పక్కన చేరి అడిగేది ఒకటే: "దీని దగ్గర నిలబడితే క్యాన్సర్ వస్తుందా?"

రాదు. డీఎన్‌ఏను తెంచేంత శక్తి ఈ తరంగాలకు లేదు, అవి వేడి మాత్రమే పుట్టిస్తాయి. తరంగం పొడవు సుమారు 12 సెంటీమీటర్లు, తలుపు జాలీ రంధ్రాలేమో ఒకటి రెండు మిల్లీమీటర్లు. అందుకే బయటికి దాదాపు రావు. తలుపు తీయగానే లోపలి స్విచ్‌లు, తరంగాలు పుట్టించే మాగ్నెట్రాన్‌ను ఆపేస్తాయి. అయితే పదిమంది వాడే చోట తలుపు రోజంతా దెబ్బలు తింటుంది. కీలు వదులైనా, అంచు వంగినా ఆ ఓవెన్ వాడకండి. టేపు అంటించి అసలే నడపొద్దు.

అపోహ: లోపల మెరుపులొస్తే ఓవెన్ పనైపోయినట్టే.

వాస్తవం: లోపలి గోడకు, సాధారణంగా కుడివైపు, అట్టముక్కలాంటి మైకా షీట్ ఉంటుంది. కొందరు అది ప్యాకింగ్ అనుకుని పీకేస్తారు. నిజానికి అది తరంగాలు వచ్చే దారికి మూత. చిందిన జిడ్డు దానిమీద మాడి బొగ్గవుతుంది, అక్కడే నిప్పురవ్వలు లేస్తాయి. ఎవరో చిందించింది మనమెందుకు తుడవాలని అందరూ వదిలేస్తారు. నాకు చాలా బాధనిపించేది అక్కడే. ఒక తడిగుడ్డతో పోయేదానికి నిప్పు దాకా తెచ్చుకుంటున్నాం. మెరుపు కనబడగానే ఆపేయండి. షీట్ మారిస్తే చాలాసార్లు సరిపోతుంది.

అపోహ: పైన పొగలు వస్తుంటే లోపలా వేడెక్కినట్టే.

వాస్తవం: తరంగాలు రెండు మూడు సెంటీమీటర్ల లోతుకే వెళ్తాయి, ఆపైన వేడి తనంతట తాను పాకాలి. వెనక ఎంతమంది నిలబడ్డా సరే, మధ్యలో ఆపి కలపండి, అయ్యాక రెండు నిమిషాలు ఆగండి. మిగిలిన ఆహారం అన్నివైపులా 74 డిగ్రీల సెల్సియస్ చేరాలి.

నున్నటి కప్పులో నీళ్లు బుడగ రాకుండానే 100 డిగ్రీలు దాటగలవు. చెంచా ముంచగానే ముఖం మీదికి ఎగజిమ్ముతాయి. కాసేపు ఆగి తీయండి.

"800 వాట్లే కదా, ఎక్స్‌టెన్షన్ బోర్డు చాలు" అంటారు. ఆ 800 ఆహారానికి చేరే శక్తి. గోడ నుంచి లాగేది 1200 పైమాటే. అదే బోర్డుకు కెటిల్ కూడా తగిలిస్తే వైరు కాలిపోవచ్చు. గోడ సాకెట్‌కే పెట్టండి.

లోపల మంట లేస్తే తలుపు తీయకండి, గాలి తగిలి పెరుగుతుంది. గోడ దగ్గర స్విచ్ ఆపి, ఆరేదాకా మూసే ఉంచండి. ఆ తర్వాత కవర్ విప్పి చూడాలనుకుంటారేమో, వద్దు. ప్లగ్ తీసినా, కరెంటు దాచుకునే కెపాసిటర్ అనే భాగంలో ప్రాణం తీసేంత కరెంటు నిలిచి ఉండొచ్చు.