ఏది మంచిదో సారుకు గూడా తెలీదా?

తిరుపతిలో ఒక ఆసుపత్రి వరండాలో, పుంగనూరు దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఒక పెద్దామె, పన్నెండు పేజీల అంగీకార పత్రాన్ని స్కానింగ్ ఫిలిములున్న కవరులో జాగ్రత్తగా పెట్టుకుంటూ, "కొత్త మందు ఇస్తారంట నాయనా, పాతదానికంటే బాగుంటాది గదా" అన్నారు. పాతదానికంటే బాగుంటుందని ముందే తేలి ఉంటే, కొత్త క్యాన్సర్ మందును రోగులపై పరీక్షించి చూసే ఆ ట్రయల్ అవసరమే ఉండేది కాదు.

పరిశోధనను తన కోసమే రూపొందించిన వైద్యంగా రోగి భావించడాన్ని 1982లో అమెరికాకు చెందిన పాల్ ఆపెల్‌బామ్, ఆయన సహచరులు మానసిక రోగులపై జరిగే పరిశోధనల్లో గమనించి, దానికొక పేరు పెట్టారు. చికిత్సా భ్రమ అని మనం అనుకోవచ్చు. క్యాన్సర్ విషయంలో ఈ భ్రమ మరింత బలంగా ఉండడంలో వింతేమీ లేదు, ఎందుకంటే అక్కడ ఆశకు ఆధారం కావాలి. మొదటి దశ ట్రయల్‌లో ప్రధానంగా వెదికేది శరీరం తట్టుకోగల మోతాదును. కొద్దిమందికి తక్కువ మోతాదు ఇచ్చి, ఇబ్బంది లేకపోతే తర్వాతి వారికి పెంచుతూ పోతారు కనుక, ముందు చేరినవారికి మందు చాలకపోవచ్చు, తర్వాత చేరినవారికి దుష్ప్రభావాలు ఎక్కువ కావచ్చు.

కొత్త మందును పాతదానితో పోల్చి చూసే మూడో దశలో ఎవరికి ఏ మందో డాక్టరు ఎంచరు. "యాదృచ్ఛికంగా కేటాయించబడతారు" అని పత్రంలో ఉంది; అది ఏ తెలుగో రాసినవారికే తెలియాలి. తిరుమల సేవా టికెట్లకు తీసే డిప్ లాంటిదని చెబితే ఆమెకు వెంటనే అర్థమైంది. అయితే డిప్‌లో పేరు వచ్చినవారిది అదృష్టం. ఇక్కడ ఏ వైపు పడితే మేలో ముందుగా ఎవరికీ తెలియదు. "అయితే ఏది మంచిదో సారుకు గూడా తెలీదా?" అని ఆమె అడిగారు. మూడో దశ ట్రయల్ సారాంశమంతా ఆ ప్రశ్నలోనే ఉంది.

మందేమీ లేని ఉత్త మాత్రలిచ్చి వదిలేస్తారన్న భయమూ చాలామందికి ఉంది. క్యాన్సర్ ట్రయల్స్‌లో సాధారణంగా కొత్త మందును వాడుకలో ఉన్న చికిత్సతోనే పోలుస్తారు. ఉత్త మాత్ర ఉన్నా, ఎక్కువగా ఆ చికిత్సకు తోడుగానే ఉంటుంది.

"నడమ వద్దంటే ఈడ వైద్యం ఆపేస్తారా?" అన్నది ఆమె రెండో ప్రశ్న. ఆపకూడదు. ఎప్పుడైనా, కారణం చెప్పకుండానే తప్పుకోవచ్చు. మామూలు చికిత్సకు అది అడ్డు కారాదు. ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, నష్టపరిహారం ఇవ్వాలని 2019 నాటి కొత్త ఔషధాలు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు చెబుతున్నాయి. చదువు రానివారు వేలిముద్ర వేసేటప్పుడు, పరిశోధనతో సంబంధం లేని సాక్షి పక్కన ఉండాలి. ఆమె వేలిముద్ర ఇంకా వేయలేదు. సాయంత్రం కొడుకు వచ్చాక మళ్లీ చదివించుకుంటానన్నారు.