ఇన్‌పుట్ సబ్సిడీ: పంట మునిగిన ఊళ్లో రోజూ వినే మాటలు

కృష్ణా డెల్టాలో, సముద్రం వైపు ఊళ్లలో పంట నష్టం రాసే ఉద్యోగం నాది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆ తర్వాత బురద గట్ల మీద తిరుగుతూ విన్న మాటలే ప్రతి తుపానుకూ మళ్లీ వింటున్నాను.

అపోహ: ఇన్‌పుట్ సబ్సిడీ అంటే నష్టపరిహారం.

కాదు. పంట పోయిన రైతుకు మళ్లీ విత్తుకోవడానికి ప్రభుత్వం ఇచ్చే ఆసరా, అంతే. 2022-26 కేంద్ర నిబంధనల్లో హెక్టారుకు వర్షాధార పైరైతే 8,500, నీటి వసతి ఉంటే 17,000, ఏళ్ల తరబడి కాపునిచ్చే తోటలకు 22,500 రూపాయలు. అంటే మాగాణి ఎకరాకు సుమారు 6,900. రాష్ట్రం తన వైపు నుంచి పెంచొచ్చు. 2024 వరదలప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో వరికి ఎకరాకు 10,000 ప్రకటించారు. కేంద్ర లెక్క ఒక రైతుకు రెండు హెక్టార్ల వరకే. "ఇది కౌలుకైనా సరిపోద్దా అమ్మాయ్?" అన్న బాబాయికి సరిపోదనే చెప్పాను.

అపోహ: ఎంత పోతే అంత వస్తుంది.

గొడవలన్నీ పుట్టేది ఇక్కడే. పంట 33 శాతం, ఆపైన పోవాలి. 2015 దాకా ఆ గీత 50 దగ్గర ఉండేది. గీత దాటాక 35 శాతం పోయినా, గింజ మిగలకపోయినా రేటు ఒకటే. దాటకపోతే సున్నా. పడిపోయిన చేను చూసి 30కీ 35కీ తేడా కచ్చితంగా చెప్పగల మొనగాణ్ని నేనింతవరకు చూడలేదు, నాతో సహా. అందుకే నీళ్లు తీశాకే వస్తామంటాం. మొదటిరోజు పోయిందనుకున్న చేను తేరుకోవచ్చు. బాగుందనుకున్నది నాలుగు రోజులకు వెన్ను మీదే మొలకలెత్తొచ్చు. ఆలస్యం చేస్తున్నామని తిట్టేవాళ్లకు ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు.

అపోహ: 72 గంటల్లో ఫోన్ చేయకపోతే సబ్సిడీ పోయినట్టే.

ఆ 72 గంటలు పంటల బీమాలో మాట. వడగళ్లలాంటి స్థానిక నష్టానికీ, కోసి చేలో ఆరబెట్టిన పంటకీ బీమా కట్టినవాళ్లు ఆ గడువులో చెప్పాలి. ఇన్‌పుట్ సబ్సిడీ ఖాతా వేరు, బీమా ఖాతా వేరు.

అపోహ: పాసుపుస్తకం ఎవరిదైతే డబ్బు వాళ్లదే.

ఈ-పంటలో, అంటే ఏ పొలంలో ఎవరు ఏ పంట వేశారో రాసే ప్రభుత్వ నమోదులో, సాగుదారుగా ఎవరి పేరుందో వాళ్లది. కౌలు రైతుకు సాగుదారు హక్కు పత్రం కావాలి, దానికి యజమాని ఒప్పుకోవాలి. సంతకం పెడితే పొలం పోతుందని యజమాని భయం. 2019 సాగుదారు హక్కుల చట్టంలో పత్రం గడువు 11 నెలలే, భూమి మీద ఏ హక్కూ రాదు. ఇది చదివి వినిపించినా, "నువ్వు చెప్పేది నిజమేలే తల్లీ" అంటూనే సంతకం పెట్టకుండా పంపినవాళ్లున్నారు. నష్టపోయినవాడు ఒకడు, జాబితాలో ఉండేది ఇంకొకడు. నిబంధన మంచిదే, ఊళ్లో నడవడం లేదు.

అపోహ: పేర్లన్నీ ఇంట్లో కూర్చుని రాసేస్తారు.

అలా రాసినవాళ్లు లేరని ఒట్టు పెట్టను. కానీ జాబితాను రైతు సేవా కేంద్రంలో అంటించేది అభ్యంతరం చెప్పమనే. అంటించిన రోజు వచ్చి చూసేది పదిమంది కూడా ఉండరు. డబ్బులు పడ్డ రోజు వందమంది వస్తారు. అప్పటికి నా చేతిలో ఏమీ ఉండదు. పేరుండీ డబ్బు పడకపోతే మాత్రం నా దగ్గరికి కాదు, ముందు బ్యాంకుకెళ్లి ఆధార్ ఏ ఖాతాకు కలిసి ఉందో అడగండి. ఎప్పుడో తెరిచి మరిచిపోయిన ఖాతాలో పడుంటుంది.