బల్ల మీద నాలుగు వస్తువులు

చిరంజీవి చిన్నికి, బుజ్జిగాడికి తాతయ్య దీవించి రాయునది.

మొన్న ఫోన్‌లో చిన్ని అడిగిన దానికి అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను. స్నేహితురాలి ఇంట్లో టారో కార్డులు, అంటే జోస్యం చెప్పే బొమ్మల కార్డులు, చూసిందట. ఒక కార్డులో ఎర్రటి పై అంగీ వేసుకున్న మాంత్రికుడు ఒక చెయ్యి పైకెత్తి, రెండో చేత్తో నేలను చూపిస్తూ నిలబడ్డాడట. ముందున్న బల్ల మీద ఒక కర్ర, ఒక కప్పు, ఒక కత్తి, ఒక గుండ్రటి బిళ్ళ. "తాతయ్యా, మంత్రాలు వేసేవాడికి ఈ నాలుగే ఎందుకు? ఇవి నిజంగా పనిచేస్తాయా?" అంది.

ఆ బొమ్మ గీసింది పమేలా కోల్మన్ స్మిత్ అనే ఆవిడ, 1909లో. ఆవిడా, ఆవిడ చేత గీయించిన వెయిట్ అనే ఆయనా "గోల్డెన్ డాన్" అనే మంత్రవిద్యా సంఘంలో సభ్యులు. బంగారు వేకువ అన్నమాట, ఎంత మంచి పేరో చూడండి. 1888లో లండన్‌లో మొదలైంది. టోపీలోంచి కుందేలును తీసే గారడీ కాదు వాళ్ళది. మన పూజల్లా ఒక క్రమం, దిక్కులు, రంగులు, మంత్రాలు పెట్టుకుని చేసే తంతు. అందులో కర్ర నిప్పుకు గుర్తు, కప్పు నీటికి, కత్తి గాలికి, బిళ్ళ మట్టికి.

మీకు ఇది తెలియాలంటే మా అమ్మ వంటిల్లు తెలియాలి. పొయ్యి ముందు అమ్మ పీట వేసుకుని కూర్చునేది. చేతికందేలా ఎండు కట్టెలు, చెంబుతో నీళ్ళు, కత్తిపీట, ఉప్పు జాడీ. అంతే, ఇంకేం అక్కర్లేదు. కర్ర నిప్పెలా అవుతుందని అడగక్కర్లేదు కదా, కట్టెలో నిప్పు దాగే ఉంది. చెంబు సంగతీ అంతే. నీళ్ళకు తమదంటూ ఆకారం లేదు, దేంట్లో పోస్తే దాని ఆకారం. మనసులోని ప్రేమ, బెంగ కూడా అలాగే ఏదో ఒక పాత్రలో నిలబడాలని ఆ సంఘం వాళ్ళు అనుకున్నారు. బిళ్ళకు బదులు అమ్మ దగ్గర ఉప్పు జాడీ, అది మట్టికి గుర్తు. తినేది, ఒంటికి పట్టేది, చేత్తో పట్టుకుంటే బరువుగా ఉండేది.

కత్తి గాలికెందుకు గుర్తయిందన్నది నాకు చాలాకాలం అర్థం కాలేదు. ఒకరోజు అమ్మ వంకాయలు తరగడం గుర్తొచ్చింది. ఒక్కో కాయను నిలువునా చీల్చి, వెలుతురుకేసి పట్టుకుని చూసి, పుచ్చు ఉన్నంత మేర తీసేసి, మిగతాది ఉప్పు నీళ్ళలో వేసేది. ఇది మంచిది, ఇది కాదు అని విడదీసేది కత్తిపీట కాదు, అమ్మ బుద్ధి. గాలి అంటే వాళ్ళ లెక్కలో బుద్ధి, ఆలోచన. అందుకే దానికి పదును కావాలి. నిప్పు పట్టుదల, నీరు మనసు, గాలి బుద్ధి, మట్టి ఒళ్ళు. అమ్మ ఈ నాలుగూ పెట్టుకుని రోజూ పదిమందికి వండిపెట్టింది. అది చూసినవాణ్ణి కాబట్టి నాకు ఆ మాంత్రికుడి బల్ల కొత్తగా అనిపించదు.

గోల్డెన్ డాన్‌లో పై మెట్టుకు చేరినవాళ్ళు ఈ పరికరాలను కొన్నవి కొన్నట్టే వాడకూడదు. ఎవరివి వాళ్ళే స్వయంగా తయారు చేసుకోవాలి. కర్రకు ఎరుపు, పసుపు. కప్పుకు నీలం, దాని మీద నారింజ రంగు అక్షరాలు. కత్తి పిడికి పసుపు, దాని మీద ఊదా. నీలం పక్కన నారింజ పెడితే రెండూ కళ్ళలో మెరుస్తాయి, మీ క్రేయాన్లతో వేసి చూడండి. కర్ర మధ్యలోంచి అయస్కాంతం చేసిన ఉక్కు తీగ ఒకటి ఈ చివర నుంచి ఆ చివరకు వెళుతుంది. పైకి చెక్కే కనిపిస్తుంది, లోపల ఇనుముంటుంది.

ఇది చదివినప్పుడు నాకు నా బొంగరం గుర్తొచ్చింది. నాకు తొమ్మిదేళ్ళప్పుడు సంతలో లక్క రంగులు పూసిన బొంగరాలు అమ్మేవాళ్ళు. నాన్నను అడిగితే డబ్బులివ్వలేదు, తుమ్మ చెక్క ముక్క ఇచ్చాడు. వడ్రంగి తాత పక్కన కూర్చుని నాలుగు రోజులు చెక్కాను. బొటనవేలు తెగింది. మేకు దిగ్గొట్టి తిప్పితే బొంగరం తాగినవాడిలా తూలింది. తాత దాన్ని చూసి, "మేకు నడిమధ్యన లేదురా" అని, తీసి మళ్ళీ కొట్టమన్నాడు. మూడోసారికి నిలబడి తిరిగింది. తిరుగుతూ తిరుగుతూ కదలనట్టే అయిపోయి, చిన్నగా గుంయ్ మంది. ఆ రాత్రి దాన్ని దిండు కింద పెట్టుకుని పడుకున్నాను. సంతలో కొన్న బొంగరమైతే మూడు రోజుల్లో ఎక్కడో పారేసుకునేవాణ్ణి. మీరు కూడా అన్నీ ఆన్‌లైన్‌లో తెప్పించుకోకండమ్మా, ఒక్కటైనా చేత్తో చేసుకోండి.

ఏట్స్ అనే ఐరిష్ కవి ఉన్నాడు. మన టాగూర్ కవితల ఇంగ్లీషు పుస్తకానికి 1912లో ముందుమాట రాసింది ఆయనే, తర్వాత 1923లో ఆయనకూ నోబెల్ వచ్చింది. ఆయన 1890లో ఈ సంఘంలో చేరాడు. ఆయన పరికరాలు డబ్లిన్‌లో, ఐర్లాండ్ జాతీయ గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయి. అంతటి కవి కూడా కుంచె పట్టుకుని చెక్కకు రంగు పూసుకున్నాడు.

ఇక ఆ కర్ర అసలు కథ చెబితే బుజ్జిగాడు ఎగిరి గంతేస్తాడు. టారో కార్డులు మొదట మంత్రానికి కాదు, ఆటకు. 15వ శతాబ్దంలో ఇటలీలో వాటితో పేకాట ఆడుకునేవాళ్ళు. పేకముక్కలేమో మమ్లూకులు ఏలిన ఈజిప్టు వైపు నుంచి ఐరోపాకు వెళ్ళాయి. ఆ కాలం నాటి కట్ట ఒకటి ఇస్తాంబుల్‌లోని తోప్‌కపి మ్యూజియంలో ఉంది. అందులో కప్పులు, నాణేలు, కత్తులు, పోలో కర్రలు! గుర్రం మీద కూర్చుని బంతిని కొట్టే కర్ర. ఐరోపావాళ్ళకు పోలో తెలియక దాన్ని మామూలు కర్రగా గీసుకున్నారు. ఆ కర్రే కొన్ని వందల ఏళ్ళకు మాంత్రికుడి బల్ల మీద నిప్పుకు గుర్తు అయింది. మనం ఇస్పేటు అంటామే, ఇంగ్లీషులో స్పేడ్, ఆ మాట ఇటాలియన్‌లో కత్తులు అనే మాట నుంచి వచ్చింది. మన పేకలోనూ ఆ కత్తి ఉందన్నమాట.

మనకు భూతాలు ఐదు కదా, వాళ్ళకు నాలుగేనా అంటారేమో. నాలుగన్నది గ్రీకుల లెక్క. క్రీస్తుపూర్వం ఐదో శతాబ్దంలో సిసిలీ దీవిలో ఎంపెడోక్లిస్ అనే తత్త్వవేత్త చెప్పింది. గోల్డెన్ డాన్ వాళ్ళు ఆ నాలుగింటి పైన ఆత్మను పెట్టుకున్నారు. అంతే కాదు, దివ్యజ్ఞాన సమాజం అంటామే, ఆ థియోసాఫికల్ సొసైటీ రాతల ద్వారా మన ఐదు భూతాల తత్త్వాలు కూడా, ఒక్కోదాని గుర్తుతో సహా, వాళ్ళకు చేరాయి. ఎర్ర త్రికోణం నిప్పు, వెండి నెలవంక నీరు, నీలి వృత్తం గాలి, పసుపు చతురస్రం మట్టి, నల్లటి అండం ఆకాశం. లండన్ గదుల్లో కూర్చుని మన ఆకాశ తత్త్వాన్ని ధ్యానించినవాళ్ళున్నారంటే నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

నిజంగా పనిచేస్తాయా అంటే, కర్ర ఊపితే నిప్పు రాదమ్మా. అంతవరకు నేను గట్టిగా చెప్పగలను. కానీ వాళ్ళ తంతులో ఒక ఘట్టం ఉంది. గులాబీ వాసన చూడాలి, అది గాలి. దీపం వేడికి చెయ్యి చాపాలి, అది నిప్పు. రొట్టె, ఉప్పు తినాలి, అది మట్టి. ద్రాక్షసారాయి ఒక గుక్క తాగాలి, అది నీరు. మీరు ఈ రాత్రి అన్నం దగ్గర టీవీ కట్టేసి చేసి చూడండి. ముందు అన్నం ఆవిరి పీల్చండి. గిన్నెకు చెయ్యి ఆనించి వేడి చూడండి. ఒక మెతుకు ఉప్పుతో నంజుకోండి. తర్వాత మంచినీళ్ళు, నెమ్మదిగా. ఏమనిపించిందో నాకు రాయండి. నేను చెబితే తెలిసేది కాదు అది.

దసరా సెలవులకు వస్తారు కదా. తుమ్మ చెక్క రెండు ముక్కలు చూసి పెట్టాను, నీడన ఆరుతున్నాయి. బాడిస నేను పట్టుకుంటాను. మేకు ఎక్కడ దిగాలో మీరే చూసుకోవాలి.

ఇట్లు,
మీ తాతయ్య