రాణి పాఠంలో ఉంది, రాజు రాసిన ఉత్తరాలు లేవు

2025 జూన్ 27న అమెరికా సుప్రీం కోర్టు 6–3తో ఇచ్చిన తీర్పు పాత గొడవను మళ్లీ రాజేసింది. మేరీలాండ్ రాష్ట్రం మాంట్‌గోమరీ కౌంటీ బడుల్లో గే, ట్రాన్స్ పాత్రలున్న కథలు చదివేటప్పుడు, మత విశ్వాసం కారణంగా తమ పిల్లల్ని ఆ క్లాసుకు దూరంగా ఉంచుకోవచ్చని తల్లిదండ్రులకు వెసులుబాటు ఇచ్చింది. అవి చిన్నపిల్లల బొమ్మల పుస్తకాలే. కానీ ఇదే వాదన రేపు చరిత్ర పాఠానికీ వస్తుంది, ఒక రాజు ఎవరిని ప్రేమించాడో చెప్పడం కూడా అభ్యంతరం కిందికే వస్తుందా అని.

ఏ పాలకుడు ఎవరిని ప్రేమించాడనే జాబితాలు అలెగ్జాండర్ దగ్గర్నుంచి బోలెడు ఉన్నాయి, వాటి జోలికి పోను. బడి ఎందుకు నోరు మూసుకుంటుందో తెలియాలంటే 1988 నాటి బ్రిటన్‌ను చూడాలి.

అంతకుముందు ఏడాది అక్టోబర్‌లో, బ్లాక్‌పూల్‌లో జరిగిన పార్టీ మహాసభలో ప్రధాని థాచర్, సంప్రదాయ విలువలు నేర్చుకోవాల్సిన పిల్లలకు గేగా ఉండటం తమ హక్కని నేర్పుతున్నారని మండిపడ్డారు. 1988 మే 24న సెక్షన్ 28 అనే చట్ట నిబంధన అమల్లోకి వచ్చింది. స్థానిక సంస్థలు స్వలింగ సంబంధాలను 'ప్రోత్సహించకూడదు', వాటిని కుటుంబ బంధంగా అంగీకరించవచ్చని బడుల్లో బోధించడాన్నీ ప్రోత్సహించకూడదు. ప్రోత్సహించడం అంటే ఏమిటో మాత్రం చట్టంలో ఎక్కడా లేదు.

ఈ సెక్షన్ కింద ఒక్క టీచర్‌కీ శిక్ష పడలేదు. అసలది స్థానిక సంస్థలకు వర్తించేదే తప్ప నేరుగా టీచర్లకు కాదు, క్లాసులో మామూలుగా చర్చించుకోవడానికి అడ్డేమీ లేదని ప్రభుత్వ సర్క్యులరే ఆ ఏడాది చెప్పింది. అయినా ఏం లాభం? ఉద్యోగం మీద టెన్షన్ ఉన్న మనిషి సర్క్యులర్ తీసి చదవడు, అనుమానం ఉన్న పేజీ తిప్పేస్తాడు. స్కాట్లాండ్‌లో 2000 దాకా, ఇంగ్లండ్, వేల్స్‌లలో 2003 నవంబర్ దాకా ఆ సెక్షన్ ఉంది. పదిహేనేళ్లంటే ఒక తరం టీచర్ల అలవాటు. చట్టం పోయినంత మాత్రాన అలవాటు పోదు కదా.

ఆ అలవాటు ఏం చేసిందో చూడాలంటే ఆ దేశపు రాజునే తీసుకుందాం, మొదటి జేమ్స్. పాఠాల్లో మామూలుగా వచ్చేవి 1603లో ఇంగ్లండ్ సింహాసనం, 1605లో గన్‌పౌడర్ కుట్ర, 1611లో ఆయన పేరుతో వచ్చిన బైబిల్. కుటుంబం అంటే డెన్మార్క్ రాకుమారి ఆన్, 1589లో పెళ్లి, ఏడుగురు పిల్లలు, వాళ్లలో పసితనం దాటింది ముగ్గురే. జార్జ్ విలియర్స్ పేరు వస్తే గిస్తే 'రాజుగారి ఆంతరంగికుడు' అని ఒక ముక్కతో సరి.

ఆ ఆంతరంగికుడు 1614లో ఏపెథార్ప్ అనే భవనంలో రాజు కంటపడ్డాడు. పానపాత్ర అందించే పనితో మొదలై 1623 కల్లా బకింగ్‌హామ్ డ్యూక్ అయ్యాడు. క్రీస్తుకు ప్రియశిష్యుడు యోహాను ఉన్నట్టే నాకు నా జార్జ్ ఉన్నాడని 1617లో జేమ్స్ తన మంత్రుల ముందే అన్నాడు. ఆయన రాసిన ఉత్తరాలు ఇంకా ఉన్నాయి. ఒకదాంట్లో, నువ్వు లేకుండా విధవలా దుఃఖంతో బతకడం కంటే నీతో కలిసి ఏ మూలకైనా వెలివేసి పంపినా నయం అంటాడు. విలియర్స్‌ను 'నా బిడ్డా, నా భార్యా' అని పిలిచి, 'నీ తండ్రిని, భర్తను' అని ముగిస్తాడు. 2004–08 మధ్య ఏపెథార్ప్‌లో మరమ్మతులు చేసినప్పుడు వాళ్లిద్దరి పడకగదులను కలిపే దారి ఒకటి బయటపడింది.

ఆనాటి రాజాస్థానాల్లో భాషే అంత పొంగిపోయేదని, ఇవాళ్టి పదాలు అప్పటివాళ్లకు తగిలించకూడదని, ఇదంతా పాఠంలో వద్దనే వాళ్లు అంటారు. పదాల సంగతి వరకు నిజమే, బైసెక్సువల్ అనే మాటకు ఇప్పటి అర్థం (ఆడవాళ్లనీ మగవాళ్లనీ ఇష్టపడేవారు) పంతొమ్మిదో శతాబ్దం చివర్లో గానీ రాలేదు. పదం వాడకండి, ఉత్తరం చూపించండి, అంతే. రాజుల పడకగది పిల్లలకెందుకు అంటే మాత్రం ఒప్పుకోలేను, ఎందుకంటే ఎనిమిదో హెన్రీ ఆరుగురు భార్యల్నీ, ఎవరికి విడాకులిచ్చాడో ఎవరి తల నరికించాడో, పిల్లల చేత వరసగా కంఠతా పట్టిస్తున్నది ఆ బడులే.

నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇంకొకటి. భార్యాపిల్లలు ఉన్నారు కాబట్టి జేమ్స్‌కు విలియర్స్ మీద ఉన్నది ఉత్త స్నేహం అని ఒక పక్షం తేల్చేస్తుంది. ఆయన గేనే, పెళ్లి రాజకీయం కోసం అని రెండో పక్షంలోనూ కొందరు అంతే తేలిగ్గా అనేస్తారు. ఆడవాళ్లనీ మగవాళ్లనీ ప్రేమించే మనిషి ఉండొచ్చన్న మాట ఇద్దరి నోటా రాదు. తనూ అలాంటివాడినేమో అని లోలోపల అనుకుంటూ క్లాసులో కూర్చున్న పిల్లవాడికి ఈ రెండు వెర్షన్లలోనూ చోటు లేదు.

2011 జులైలో కాలిఫోర్నియా గవర్నర్ జెర్రీ బ్రౌన్ సంతకం చేసిన చట్టం ఈ విషయంలో కొంత నయం. చరిత్ర పాఠాల్లో ఎవరి పాత్ర చెప్పాలో చెబుతూ లెస్బియన్, గే పదాల పక్కన బైసెక్సువల్ అని విడిగా రాసింది. 2017 నవంబర్‌లో అక్కడి విద్యా బోర్డు పది పాఠ్యపుస్తక శ్రేణుల్ని ఆమోదించి, ఆ షరతు పాటించలేదని రెండింటిని తిప్పి పంపింది. ఫ్లోరిడా ఎదురు దారి పట్టింది. లైంగికత, జెండర్ గురించి బోధించడంపై 2022లో మూడో తరగతి వరకు పెట్టిన ఆంక్షలు మరుసటి ఏడాదికి పన్నెండు దాకా పాకాయి, క్లాసులో ఊరికే ప్రస్తావించినంత మాత్రాన తప్పు కాదని రాయించుకోవడానికి 2024 మార్చిలో కోర్టు కేసులో రాజీ దాకా వెళ్లాల్సి వచ్చింది. 1988 నాటి సర్క్యులర్ లాంటిదే ఇదీ, భయం ముందు వచ్చింది, వివరణ తర్వాత వచ్చింది.

వెస్ట్‌మినిస్టర్ అబీలో ఏడో హెన్రీ చాపెల్ ఉంది. జేమ్స్‌ను అక్కడే పూడ్చారు, ఆన్‌ను కూడా. 1628లో పోర్ట్స్‌మత్‌లో కత్తిపోటుకు చనిపోయిన విలియర్స్ సమాధి కూడా ఆ చాపెల్‌లోనే ఉంది.