ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌ల మైలేజీ లెక్క ఎక్కడ తేడా కొట్టింది

ప్లగ్-ఇన్ హైబ్రిడ్ అంటే పెట్రోల్ ఇంజిన్‌తో పాటు ప్లగ్ పెట్టి చార్జ్ చేసే బ్యాటరీ కూడా ఉన్న కారు. దాని కాగితాల మీద లీటరుకి 50, 60 కిలోమీటర్లు అని ఉంటుంది, రోడ్డు మీద చాలామందికి అందులో మూడో వంతు కూడా రాదు. బండిలో లోపమేమో అనుకుంటారు గానీ తేడా అంతా ఆ లెక్క కట్టిన పద్ధతిలో ఉంది.

ఇలాంటి కార్లలో 2008 డిసెంబర్‌లో చైనాలో బీవైడీ ఎఫ్3డీఎం వచ్చింది, 2010 చివర్లో అమెరికాలో షెవర్లే వోల్ట్ వచ్చింది. వోల్ట్ ఒక చార్జింగ్‌తో దాదాపు 56 కిలోమీటర్లు పెట్రోల్ ముట్టకుండా నడిచేది, అప్పట్లో దాన్ని కొన్నవాళ్లు ఎక్కువమంది సొంత డబ్బుతో ఇష్టపడి కొన్నవాళ్లే కాబట్టి రాత్రి ఇంటికి రాగానే ప్లగ్ పెట్టేవాళ్లు, వాళ్లకి పెట్రోల్ నిజంగానే మిగిలింది.

యూరప్‌లో కథ మారింది. నెదర్లాండ్స్ లాంటి చోట ఈ కార్లకి టాక్స్ బాగా తగ్గించేసరికి కంపెనీలు ఉద్యోగులకి ఇవే ఇవ్వడం మొదలుపెట్టాయి, పెట్రోల్ కార్డేమో ఆఫీసుది, ఇంట్లో కరెంటు బిల్లేమో సొంతది, ఇంక రోజూ వైరు తీసి ప్లగ్ పెట్టేదెవరు చెప్పండి. నేనైతే ఆ ఉద్యోగుల్ని తప్పుపట్టను, రూలే అలా రాశారు. ప్లగ్ ఉందా లేదా అని చూసి రాయితీ ఇచ్చారు, పెడుతున్నారా లేదా అని ఎవరూ అడగలేదు.

కాగితాల మీద మైలేజీ రాసే టెస్టు లెక్క కూడా అంతే. యుటిలిటీ ఫ్యాక్టర్ అని ఒకటుంది, మొత్తం తిరుగుడులో ఎంత భాగం కరెంటు మీద అవుతుందో ముందే ఊహించి వేసే అంకె, అది మనిషి క్రమం తప్పకుండా చార్జ్ చేస్తాడనే నమ్మకం మీద కట్టింది. 2022లో ఐసీసీటీ, ఫ్రాన్‌హోఫర్ అనే పరిశోధన సంస్థల వాళ్లు యూరప్ బండ్లు చూస్తే సొంత కార్లు 45 నుంచి 49 శాతం దూరమే కరెంటు మీద నడిచాయి, కంపెనీ కార్లు 11 నుంచి 15 శాతం! పైగా చలికాలం హీటర్ వేసినా, గట్టిగా తొక్కినా చాలా మోడళ్లలో ఇంజిన్ ఆన్ అయిపోతుంది.

2021 నుంచి అక్కడ కొత్త కార్లన్నిట్లో ఇంధనం కొలిచే మీటర్ తప్పనిసరి చేశారు. ఆ డేటాతో 2024 మార్చిలో యూరోపియన్ కమిషనే చెప్పింది, ప్లగ్-ఇన్‌ల అసలు కార్బన్ కాగితం మీద దానికి సగటున 3.5 రెట్లు అని, మామూలు పెట్రోల్, డీజిల్ కార్లకి ఆ తేడా 20 శాతమే. 2025 నుంచి కొత్త మోడళ్లకి ఆ యుటిలిటీ ఫ్యాక్టర్ లెక్కని కఠినం చేశారు.

ప్లగ్ నుంచి ఎంత కరెంటు ఎక్కిందో కూడా ఆ మీటర్‌లో పడుతుంది, టాక్స్ రాయితీ ఏదైనా ఇస్తే ఆ అంకె చూసి ఇవ్వాలి.