పాత గిటారు నాదంలో వయసు పాలు ఎంత?

1930లలో అమెరికాలోని మార్టిన్ కంపెనీ చేసిన డి-28 అనే నమూనా గిటారునూ, ఈమధ్యే తయారైన మంచి గిటారునూ పక్కపక్కన పెట్టుకుని వాయించినవారిలో చాలామంది పాతదాని నాదమే నిండుగా, చురుకుగా ఉందంటారు. ఆ మాటను కొట్టిపారేయడానికి వీల్లేదు. అయితే, ఆ గొప్పదనమంతా ఏళ్లు గడవడం వల్లే వచ్చిందని అనుకోవడంతోనే చిక్కు మొదలవుతుంది. చెక్కకు వచ్చిన వయసు వేరు, ఆ కాలంలో గిటారును మలిచిన పద్ధతి వేరు. ఈ రెండింటినీ విడదీయకుండా పాతదానికీ కొత్తదానికీ పోలిక పెట్టడం సరికాదు.

ముందుగా వయసు సంగతి చూద్దాం. చెక్కలో ప్రధానంగా సెల్యులోజ్, హెమిసెల్యులోజ్, లిగ్నిన్ అనే పదార్థాలు ఉంటాయి. వీటిలో తేమను బాగా పీల్చుకునేదీ, అన్నిటికన్నా తొందరగా చెడేదీ హెమిసెల్యులోజ్. దశాబ్దాల తరబడి అది నెమ్మదిగా విచ్ఛిన్నమవుతున్న కొద్దీ చెక్క తేమను తక్కువగా పీలుస్తుంది, కాస్త తేలికపడుతుంది, కంపన శక్తిని తనలో మింగేసుకోవడం తగ్గుతుంది. కాబట్టి ముదిరిన స్ప్రూస్ చెక్క (గిటారు పైపలకకు ఎక్కువగా వాడే కలప) మెరుగ్గా మోగుతుందనడానికి భౌతికమైన ఆధారం ఉంది. ఈ మార్పును త్వరగా రప్పించడానికి ఇప్పటి తయారీదారులు కొందరు ప్రాణవాయువు దాదాపు లేని కొలిమిలో చెక్కను వేడిచేస్తున్నారు. చెక్కను ఇలా మార్చే ప్రక్రియల్లో వేడి సాధారణంగా 160 నుంచి 220 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది. అలా కాల్చిన పలక రంగు ముదిరి, తేమకు అంతగా చలించకుండా ఉంటుంది గానీ పెళుసుబారుతుంది కూడా. కాలం చేసే పనిలో కొంత భాగాన్నయినా కొలిమి చేయగలుగుతోందంటే, వయసు అందుకోలేని రహస్యమేమీ కాదని తేలినట్టే.

నా దృష్టిలో అంతకన్నా పెద్ద తేడా తయారీలో ఉంది. ఉక్కు తీగల గిటారులో ఆరు తీగలూ కలిసి లాగే బలం సుమారు 70 నుంచి 80 కిలోల బరువుకు సమానం. దాదాపు మూడు మిల్లీమీటర్ల మందం ఉండే పైపలక ఆ లాగుడుకు వంగిపోకుండా లోపలివైపు ఇంటూ గుర్తు ఆకారంలో చెక్క బద్దలు అతికిస్తారు. బద్దలు బలంగా ఉంటే గిటారు నిలుస్తుంది, సన్నగా ఉంటే మోగుతుంది. గిటారు చేసేవారి నేర్పంతా ఈ రెండింటి మధ్య ఎక్కడ ఆగాలో తెలియడంలోనే ఉంది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు మార్టిన్ పనివారు ఈ బద్దలను అక్కడక్కడ లోతుగా చెక్కి, కొసలను పలచన చేసేవారు. నాద రంధ్రంలో చిన్న అద్దం పెట్టి దీపం వెలుగులో చూస్తే ఆ వంపులు ఇప్పటికీ స్పష్టంగా కనిపిస్తాయి. బరువైన తీగలు వాడేవారి వల్ల పైపలకలు ఉబ్బుతున్నాయని 1944లో ఆ పద్ధతిని మానేశారు. 1976లో హెచ్‌డి-28 నమూనాతో మళ్లీ తెచ్చారు. అంటే 1950 నాటి డి-28 ఎంత పాతదైనా దానిలో ఆ చెక్కుడు ఉండదు, నిన్న తయారైన హెచ్‌డి-28లో ఉంటుంది. ఇక్కడ తేడా తెచ్చింది ఉలి.

పాత గిటార్ల వెనుక పలకకు వాడిన బ్రెజిల్ రోజ్‌వుడ్ మీద ఉన్న మోజుకు మాత్రం ఇంత బలమైన ఆధారం కనిపించదు. 1862లోనే స్పెయిన్ కళాకారుడు అంటోనియో డి టోరెస్, నాదానికి పైపలకే ముఖ్యమని చూపడానికి వెనుక పలకనూ పక్క పలకలనూ అట్టతో చేసి గిటారు తయారుచేశాడు. 2018లో వెలువడిన లాంకాస్టర్ విశ్వవిద్యాలయ పరిశోధనలో, వెనుక, పక్క పలకల కలప తప్ప మిగతాదంతా ఒకేలా చేసిన ఆరు గిటార్లను 52 మంది వాద్యకారులు మసక వెలుతురులో, వెల్డింగు కళ్లద్దాలు పెట్టుకుని వాయించారు. ఖరీదైన బ్రెజిల్ రోజ్‌వుడ్‌కూ, చవకైన కలపలకూ వారు దాదాపు సమానమైన మార్కులే వేశారు.

ఎలక్ట్రిక్ గిటార్ల విషయానికి వస్తే, 1958 నుంచి 1960 వరకు గిబ్సన్ కంపెనీ సన్‌బర్స్ట్ రంగులో (అంచుల్లో ముదురుగా, నడుమ లేతగా) చేసిన లెస్ పాల్ నమూనా గిటార్లకు ఉన్న పేరులో ఎక్కువ భాగం వాటి పికప్‌లది, అంటే తీగల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే అయస్కాంతపు చుట్టలది. గిబ్సన్ ఇంజనీరు సెత్ లవర్ రూపొందించిన ఆ జంట చుట్టల పికప్‌కు 1955లో పేటెంట్ దరఖాస్తు చేస్తే 1959లో మంజూరైంది. అప్పటి యంత్రాల మీద రాగి తీగను కచ్చితంగా ఇన్నే చుట్లని లెక్కపెట్టి చుట్టలేదు. అయస్కాంతాలు కూడా చేతికందిన రకానివి వేశారు. అందువల్ల ఏ రెండు పికప్‌లూ ఒకేలా పలకవు. రెండు చుట్టల్లో చుట్లు సమానంగా లేనప్పుడు పై స్థాయి స్వరాలు కాస్త తేటగా వినిపిస్తాయి. అవి ఉద్దేశించి చేసినవి కావు, అయినా చెవికి ఇంపైనవి. కొత్త యంత్రాలకు ఆ అసమానతను కావాలని నేర్పించవచ్చు, కొందరు తయారీదారులు నేర్పిస్తున్నారు కూడా.

మరో సంగతి ఎప్పుడూ మరుగున పడుతుంది. బాగా మోగని గిటార్లను ఎవరూ అరవై ఏళ్లు భద్రంగా దాచరు, విరిగితే బాగుచేయించరు. మనకు చేరిన పాతవన్నీ అలా జల్లెడ పట్టగా మిగిలినవే. వాటిని అంగట్లో ఎదురుగా కనిపించిన ఏదో ఒక కొత్త గిటారుతో పోల్చడం కొత్తదానికి అన్యాయం. పైగా పాతదాన్ని భరించడమూ తేలిక కాదు. మార్టిన్ గిటార్లలో 1985 వరకు సర్దుబాటు చేయగల ట్రస్ రాడ్ (నెక్ వంగకుండా దాని లోపల పెట్టే లోహపు కడ్డీ) లేదు. నెక్ (తీగలను వేళ్లతో నొక్కే పొడవాటి భాగం) వంగి తీగలు పైకి లేస్తే దాన్ని ఊడదీసి కోణం సరిచేసి మళ్లీ అతకాలి. నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు మెట్లు, అంటే ఫ్రెట్లు, అరిగితే వాటి మీద శ్రుతి కుదరదు. కంప్యూటరు నడిపే యంత్రాల మీద కోసిన కొత్త నెక్ ఈ విషయంలో తిరుగులేకుండా మెరుగు.

రెండింటినీ నిజాయితీగా పోల్చాలనుకునేవారు రెంటికీ ఒకే రకం కొత్త తీగలు వేసి, తీగల ఎత్తు సమానంగా సర్ది, ఏది ఏదో తెలియకుండా వేరేవారి చేత వాయించి వినాలి. పాతదానికి గతంలో ఏ మరమ్మతులు జరిగాయో, లోపలి బద్దలను ఎవరైనా తర్వాత చెక్కారేమో ముందే కనుక్కోవాలి. ఎందుకంటే 1950 నాటి గిటారులోని బద్దలను ఆ తర్వాతెప్పుడో ఎవరైనా పలచన చేసి ఉంటే, ఆ నాదాన్ని పాతదని లెక్కవేయాలో, కొత్తదని లెక్కవేయాలో వినేవారికి తెలిసే దారి లేదు.